సహాయ నిరాకరణకు రాని కంప్యూటర్

సిద్దిపేట,
19 ఫిబ్రవరి 2011

చిరంజీవి ప్రసూనకు మేనమామ లక్ష్మీరాజం దీవెనలు.

కుశలమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ఫోన్లో చెబితే ఆఫీసంతా వింటుంది, అందుకే ఉత్తరం. తెలంగాణ కోసం సహాయ నిరాకరణ నడుస్తోంది కదా. రోజూ ఆఫీసుకు వెళ్తాం, పని మాత్రం ముట్టుకోం. నాలుగు కాగానే అందరం ధర్నా శిబిరానికి పోతాం. ఇంతలో, దసరాకు వచ్చినప్పుడు నువ్వు బాగుచేసిన నా కంప్యూటర్ తనంతట తానే పనిచేస్తోంది! సాయంత్రం తాళం వేయబోయిన అటెండర్ కాశయ్య చూశాడట. లైటు మిణుకుమిణుకు, లోపల గురగుర. పొద్దున అందరి ముందు నిలదీశాడు.

"సారూ, మేం పెన్నులు కిందవెట్టినం. నువ్వు దొంగతనంగ పనిజేస్తున్నవా?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత మాట పడలేదు. నా పక్కన కూర్చోవడమే మానేశారు. అదేం చేస్తోందో చెప్పు తల్లీ.

నిందపడ్డ నీ మామ

తా.క.: స్విచ్ ఆపేస్తానన్నాను. "ఆపుడు గూడ పనే" అంది మా ఆఫీసు ఉద్యమ కమిటీ.

హైదరాబాద్,
22 ఫిబ్రవరి

మామకు నమస్కారాలు.

భయపడకు. వాడేకొద్దీ ఫైళ్లు డిస్కులో ముక్కలుముక్కలుగా చెదిరిపోతాయి, వెతకడం ఆలస్యమవుతుంది. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఆ ముక్కలన్నీ కలిపేసేలా నేనే ఏర్పాటు చేశాను. మౌస్ కదిలితే ఆగిపోతుంది. ఈ ఉత్తరం కమిటీకి చూపించు.

ప్రసూన

తా.క.: ఖాళీగా ఉన్నప్పుడే పనిచేసే జీవి మీ ఆఫీసులో ఒకటుందని సంతోషించు.

సిద్దిపేట,
25 ఫిబ్రవరి

ప్రసూనా,

చూపించాను. మొన్నటిదాకా దొంగను, ఇప్పుడు ద్రోహిని. శిబిరంలో కమిటీ తరఫున మా దుర్గవ్వ మేడం నీ ఉత్తరం గట్టిగా చదివింది. "ముక్కలన్నీ కలిపేసేలా" అనగానే కాశయ్య లేచాడు.

"మనం విడిపోతమంటుంటే గిది కలుపుతదా? సమైక్య కంప్యూటరా ఏంది?"

ఇప్పుడది ఖాళీగా ఉండకూడదని పొద్దంతా ఇద్దరిద్దరు వంతులేసుకుని మౌస్ కదుపుతున్నారు. పని ఆపడానికి ఇంత పని మా ఆఫీసులో ఎప్పుడూ జరగలేదు. నాలుగింటికి వాళ్లూ శిబిరానికి వస్తారు. కాశయ్య తాళం వేయడానికి వెనక్కి వెళ్లే వేళకు మళ్లీ గురగుర!

నీ మామ

తా.క.: మౌస్ కదపడం పని కాదా అని అడిగాను. పోరాటమన్నారు.

హైదరాబాద్,
28 ఫిబ్రవరి

మామా,

అది ఏ ఫైలు ముక్కలను ఆ ఫైలుకే చేరుస్తుంది. ఎవరి జాగ వాళ్లకే ఇస్తుంది. దానికంటే పెద్ద తెలంగాణవాది ఎవరని అడుగు.

మరో సంగతి. అది ఎప్పుడు మొదలైందో రాసి పెట్టుకుంటుంది. ఎలా చూడాలో వెనక పేజీలో రాశాను. నాలుగుంబావు లోపల మొదలైతే మీవాళ్లు మౌస్ వదిలి వెళ్లడం వల్లే. బాగా ఆలస్యమైతే మాత్రం, మీరు వెళ్లాక ఎవరో దాన్ని వాడుతున్నట్టు.

ప్రసూన

తా.క.: చూడడం పని కిందికి రాదని కమిటీ దగ్గర ముందే రాయించుకో.

సిద్దిపేట,
4 మార్చి

చిరంజీవి ప్రసూనకు,

చూశాను. రోజూ నాలుగు యాభై అయిదు! నిన్న శిబిరం నుంచి మధ్యలోనే లేచి వచ్చి తలుపు తోశాను. నా కుర్చీలో కాశయ్య. ఒక్క వేలితో, అక్షరం వెతికి వెతికి కొడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సారూ, పనిగాదు, నేర్సుకుంటున్న. ముప్పయ్యేండ్లు మీ కాగితాలు మోసిన. నా చేతితోని ఒక్కటి రాయలే."

"మరి నన్నెందుకు బద్నాం చేసినవు?"

"చాయ్ తాగొచ్చి తాళమెయ్యబోతే గది గురగురమంటది. నేను ముట్టి ఇడిసినందుకే అని నాకేమెరుక? నువ్వే ఏదో చేసిపోతున్నవనుకున్న."

కోపంగానే తెరవైపు చూశాను. పేజీ నిండా ఒకటే చిరునామా, నలభై సార్లుంటుంది: కాశయ్య, సిద్దిపేట, తెలంగాణ రాష్ట్రం.

కోపం ఎటు పోయిందో తెలియదు. ఈ పొద్దున అతనే అందరికీ చెప్పేసి, నా చెయ్యి పట్టుకుని క్షమాపణ అడిగాడు.

నింద తీరిన నీ మామ

తా.క.: ప్రతి వరుసలోనూ 'రాష్ట్రం'లో ఒక వత్తు తప్పింది. సహాయ నిరాకరణలో ఉన్నాను కనుక దిద్దలేదు.