రాళ్లు కొట్టుకో పో అన్నది నేనే, నాయనా

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మాచర్ల క్వారీలో నాపరాళ్లు కొట్టి నువ్వు చదివించిన కొడుకు, ఈ లెక్కల మాస్టారు, ఇప్పుడు ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉన్నాడు. క్లాసులో నేను అరుస్తుంటే ఓ పిల్లోడు చాటుగా వీడియో తీశాడు. "ఈ మాత్రం లెక్క రానోడికి బడెందుకురా? పో, మీ నాయనతో రాళ్లు కొట్టుకో పో!" ఆ గొంతు నాదే. అమ్మకు మాత్రం చూపించొద్దని చెల్లిని బతిమాలాను.

హెడ్మాస్టరు బ్యాగులన్నీ వెతికించి ఫోన్ పట్టుకున్నాడు. తిట్లు తిన్నవాడే పుస్తకాల చాటున పెట్టి తీశాడంట. టీసీ ఇచ్చి పంపేద్దామన్నాడు. నేను వద్దనలేదు.

పొద్దున వాడి తండ్రి వచ్చాడు. గొడవకే వచ్చాడనుకున్నా. నువ్వు నా బడికొచ్చినప్పుడు చేసినట్టే చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోళ్ల నిండా రాతిదుమ్ము.

"మావోడిది తప్పేనయ్యా. మీరన్నదాంట్లో ఏముంది, మేం కొట్టేది రాళ్లేగా. టీసీ మాత్రం ఇవ్వబాకండి" అన్నాడు.

లేచి ఆయన చేతులు పట్టుకోవాల్సింది నాయనా. కుర్చీలోంచి కదల్లేదు.

"సర్లే, ఈసారికి వదిలేస్తున్నా, పో" అన్నాను.