బూర్జ్ అయ్యాక

జూన్ 6, మంగళవారం

ఇవాళ్టి నుంచి లెక్క. ఇరవై ఒక్క రోజులు.

పావురాల క్లబ్బు సెక్రటరీ క్లిఫర్డ్ పొద్దున్నే ఫారం పట్టుకొచ్చాడు. వంటింట్లో కూర్చుని, బిస్కెట్లు టీలో ముంచుకు తింటూ చదివి వినిపించాడు. ఫ్రాన్స్‌లో రేసుకి వదలాల్సిన పావురం ముందు ఇరవై ఒక్క రోజులు సొంత గూట్లోనే ఉండాలట. ఆ రోజుల్లో ఆ గూట్లోకి బయటి పావురం ఒక్కటి కూడా రాకూడదట. ఇరవై ఏడో తేదీన గవర్నమెంటు వెట్, అదే పశువుల డాక్టరమ్మ, వచ్చి చూసి సంతకం పెడుతుంది. సంతకం లేకపోతే లారీ ఎక్కనివ్వరు. మనం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేశాం కదమ్మా, ఆ సంగతి పావురాలకి తెలీదు, అందుకే ఈ కాగితం అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇదివరకు ఇవేం లేవు. బుట్టలో పెట్టి లారీ ఎక్కిస్తే సరిపోయేది. శనివారం పొద్దున ఫ్రాన్స్ నడిబొడ్డున బూర్జ్ అనే ఊళ్లో తలుపులు తీసేవాళ్లు. ఐదొందల యాభై మైళ్లు ఎగిరి, సముద్రం దాటి, డర్హమ్‌లో మా వెనక సందులోకి వచ్చి వాలేవి. ఈ రూల్స్ వచ్చిన మొదటి ఏడాది కాగితాలు తెమల్లేదు. రెండో ఏడాది బర్డ్ ఫ్లూ. ఇది మూడోది.

నార్మన్ మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని బైనాక్యులర్స్‌లో గూడు చూస్తూ ఉంటాడు. నలభై ఏళ్లు పావురాల దుమ్ము పీల్చి పీల్చి మా ఆయన ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. గూట్లో అడుగు పెట్టొద్దు, అసలు పావురాలే ఉంచుకోవద్దు అంది డాక్టరు. ఇంకొక్కసారి బూర్జ్‌కి పంపుతానే హిల్డా, తిరిగొచ్చినా రాకపోయినా సరే, బూర్జ్ అయ్యాక అన్నీ ఇచ్చేస్తా, నీ మీద ఒట్టు అన్నాడు. అది మూడేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి గూడు చాకిరీ నాది.

జూన్ 8

మాస్కు, టోపీ, ఓవర్‌కోటు. రెట్టలు గీకడం, నీళ్లు మార్చడం, గింజలు వేయడం. తర్వాత బొగ్గుల కొట్లో బట్టలన్నీ విప్పేసి, వేరే గౌను తొడుక్కుని, ఇంట్లోకొచ్చి తలస్నానం. రోజుకి రెండుసార్లు. నా జుట్టులో ఒక్క ఈక ఉన్నా ఆయనకి దగ్గు మొదలవుతుంది. అందుకే పక్క గదిలో పడుకుంటాను. ఆయన నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో లెక్క వేయడం మానేశాను.

కిటికీ దగ్గర్నుంచి గూట్లో ఉన్న నాకు ఫోన్ చేసి, నా చేత ముప్పై ఆరో నంబరు ఆడపావురానికి జత కట్టించాడు. ఇప్పుడు జత కడితే పది రోజుల్లో గుడ్లు పెడుతుంది. ఇంకో పది రోజులు పొదిగాక, సరిగ్గా గుడ్ల మీద మమకారం ముదిరిన వేళకి దాన్ని తీసి బుట్టలో పెట్టి ఫ్రాన్స్ పంపుతారు. గుడ్లు చల్లారిపోతాయేమోనని అది ప్రాణాలొడ్డి ఎగిరొస్తుంది. ఈ ఉపాయం కనిపెట్టింది మగవాడే అయ్యుంటాడు.

జూన్ 9

మాస్కు కింద ముక్కు ఒరుసుకుపోయింది.

జూన్ 12

స్కార్‌బరోలో మా చెల్లి బెరిల్‌కి డెబ్భయ్యో పుట్టినరోజు. వెళ్లలేదు. నా బదులు పావురాల మనిషి ఎవరినైనా రమ్మందామంటే, వాళ్ల బూట్లకి వాళ్ల గూటి మురికి ఉంటుంది, ఈ ఇరవై ఒక్క రోజులూ రానివ్వద్దు అన్నాడు నార్మన్. బెరిల్ ఫోన్‌లో అంది, నిన్నూ ఆ గూట్లోనే కట్టేశారే అక్కా, వాటికి మల్లే కాలికి నంబరు రింగు ఒక్కటే తక్కువ అని. నవ్వాను. పెట్టేశాక ఏడ్చాను.

పదిహేను రోజులు. అంతే కదా. పదిహేను రోజులు ఎవరైనా ఓర్చుకుంటారు.

జూన్ 15, గురువారం

ఆయన మందుల కోసం ఊళ్లోకి వెళ్లాను. వాన. బస్సు లేటు. మూడు గంటలు పట్టింది. వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. కిటికీ తెరిచానే, గడ్డి పుప్పొడి అనుకుంటా అన్నాడు. నెబ్యులైజర్ పెట్టాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, గ్లవ్స్ వేసుకుని.

జూన్ 18

36 గుడ్డు పెట్టింది. ఆయన ముఖంలో ఉండాల్సినంత సంతోషం లేదు.

జూన్ 19, సోమవారం, పొద్దున 11 గంటలు

రాసుకుంటే కాస్త కుదుటపడతానేమో.

ఇందాక స్కాట్‌లాండ్ నుంచి గుత్రీ అనే ఆయన ఫోన్ చేశాడు. మా కుర్ర పావురం ఎలా ఉందమ్మా, తేరుకుందా అన్నాడు. ఏ పావురం అన్నాను. అదేనమ్మా, దారి తప్పి మీ గూటికొచ్చింది కదా, రింగు నంబరు చూసి మీ ఆయన గురువారం సాయంత్రమే ఫోన్ చేశారు, దేవుడి లాంటి మనిషి అన్నాడు. తర్వాత అడిగాడు: మర్నాడే కొరియర్ని పంపుతానంటే మీ ఆయన వద్దన్నారు, ఇరవై ఎనిమిది దాకా ఉంచమన్నారు, మరి ఇప్పుడు పంపనా?

ఇరవై ఎనిమిది. వెట్ వచ్చేది ఇరవై ఏడున.

వెళ్లి పిల్ల పావురాల అరలో లెక్కపెట్టాను. ముప్పై ఉండాలి. ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ నీలం రంగువే, నాకు ఒక్కలాగే కనబడతాయి. నాలుగు రోజులుగా గింజల డబ్బా కొలతే చూశాను కానీ తలలు లెక్కపెట్టలేదు. తప్పు నాదే అనుకున్నాను ముందు. ఎప్పుడూ అలాగే అనుకుంటాను.

అదే రోజు, 2 గంటలు

అడిగాను. మొదట బుకాయించాడు. అది వానలో తడిసి కప్పు మీద కూర్చుందే, నడవలేకపోతోంది, పావురాల వాడెవడైనా దాని మొహాన తలుపు వేస్తాడా, రెండే రెండు నిమిషాలు వెళ్లి లోపల పెట్టి వచ్చాను అన్నాడు. మాస్కు లేకుండా వెళ్లాడు. పాపం కదా అన్నాడు. పాపమే. నేనైనా తీసుకునేదాన్నేమో.

మరి నాతో ఎందుకు చెప్పలేదు? ఇరవై ఎనిమిది దాకా ఎందుకు ఉంచమన్నావు?

వెట్ వచ్చినప్పుడు నేనే చెప్పేద్దామనుకున్నా అన్నాడు. చెబితే పంపనివ్వరు కదా అన్నాను. అవును అన్నాడు. బూర్జ్ అయిపోతే గూడు ఖాళీ చెయ్యాలి కదే, ఆ కిటికీలోంచి చూడ్డానికి నాకింకేం మిగుల్తుంది అన్నాడు. అని ఏడ్చాడు. ఏడిస్తే దగ్గు. దగ్గితే మాస్కు, మందు, నేను.

గవర్నమెంటు రూలు మాకు అడ్డం పడుతోందని మూడేళ్లుగా తిట్టుకుంటున్నాను. ఈయన దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు.

అసలు దొరికేవాడే కాదు. కానీ రింగు నంబరు చూశాక యజమానికి ఫోన్ చేయకుండా పావురాల మనిషి ఉండలేడు. నాతో అబద్ధం ఆడగలడు, ముక్కూ మొహం తెలీని గుత్రీతో ఆడలేడు.

జూన్ 20

గుత్రీని కొరియర్ని పంపమన్నాను. క్లిఫర్డ్‌తోనూ అంతా చెప్పాను. ఎవరితోనైనా చెప్పాలి. చూడమ్మా హిల్డా, నువ్వు చూళ్లేదు, నేను వినలేదు, రేపు కొరియర్ అతను పట్టుకుపోతాడు, అంతటితో సరి అన్నాడు. ఒంట్లో బాగున్న పావురమే కదా, వెట్ ఏమైనా మిగతా పావురాలనడిగి తెలుసుకుంటుందా అన్నాడు.

ఒక్క అబద్ధం. బూర్జ్ అయిపోతుంది. ఆయన ఒట్టు ఆయన మెడకి చుట్టుకుంటుంది. గూడు ఖాళీ, ఊపిరితిత్తులకి విశ్రాంతి, నాకు పొద్దున్నే లేచాక చేయడానికి ఏమీ లేకపోవడం. ఎంత బాగుంటుంది.

జూన్ 21

స్కాట్‌లాండ్ పావురం వెళ్లిపోయింది. అట్టపెట్టె కన్నంలోంచి నా వంక చూసింది.

జూన్ 24

అబద్ధం చెబుతాను. నిర్ణయం అయిపోయింది.

జూన్ 27, మంగళవారం

ఆ అబద్ధం చెప్పలేదు.

వెట్ పేరు మరీసా, స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, ఒక్కో పావురాన్నీ చేతిలోకి తీసుకుని నోరు తెరిచి చూసింది. 36ని గుడ్ల మీంచి లేపకుండా దాని కింద చెయ్యి పెట్టి, ఎంత వేడిగా ఉందో అంది. తర్వాత ఫారం తీసి అడిగింది. ఇరవై ఒక్క రోజుల్లో బయటి పావురం ఏదైనా లోపలికి వచ్చిందా?

పైకి చూశాను. కిటికీలో నార్మన్.

లారీలో తొమ్మిది వందల పావురాలు వెళ్తాయి, మావి ఏదైనా జబ్బు అంటిస్తే వాటి సంగతేంటని కూడా తట్టింది. మంచిదాన్ని అనిపించుకోవడానికి రాయడం లేదు. తట్టింది, అంతే. కానీ నోరు తెరిపించింది అది కాదు. ఈ ఏడాది అబద్ధమాడి బూర్జ్ చేయిస్తాను, అప్పుడు ఆయన ఇంకోటి వెతుకుతాడు. ఇంకో రేసు, ఇంకో దేశం, ఇంకో ఒట్టు. నన్ను విడిపించే తాళంచెవి ఫ్రాన్స్‌లో ఉందనుకుని మూడేళ్లు కూర్చున్నాను. ఇంట్లోనే, కిటికీ దగ్గర ఉంది.

వచ్చింది, పదిహేనో తేదీన, ఆరు రోజులుంది అన్నాను.

మరీసా కలం మూత పెట్టేసింది. సారీ మిసెస్ పాటిసన్, ఇది నా చేతిలో లేదు అంది. నిజంగానే బాధపడింది పాపం.

కిటికీలో నార్మన్ భుజాలు కిందికి దిగాయి. నిశ్చింతగా, కడుపు నిండినవాడిలా. పావురాన్ని దాచినందుకు క్షమించగలను. ఆ భుజాలని క్షమించలేను.

జూన్ 28

పొద్దున ఆయనే టీ పెట్టాడు. ఎన్నాళ్లయిందో. 36కి ఇంకా నాలుగో ఏడే కదే, వచ్చే ఏడాదికి ఇంకా గట్టిపడుతుంది అన్నాడు. రొట్టెకి వెన్న కూడా రాసిచ్చాడు.

తిన్నాను. తిని, క్లిఫర్డ్‌కి ఫోన్ చేశాను. రెండు పూటలా గింజలూ నీళ్లూ చూస్తావా అని అడిగాను. ఇంకేం రూల్స్ ఉన్నాయమ్మా, ఎవడి బూట్లయినా రావచ్చు అన్నాడు. బూర్జ్‌లో లారీ ఎక్కడ ఆపుతారు, ఎన్నింటికి వదులుతారు అని కూడా అడిగాను. ఊరి చివర స్టేడియం పక్కన పెద్ద మైదానం, శనివారం ఆరున్నరకి అన్నాడు. ఎందుకమ్మా అంటే ఊరికే అన్నాను.

తర్వాత పైకి వెళ్లి ఆయనతో చెప్పాను. ఆదివారం దాకా క్లిఫర్డ్ వస్తాడు. ఆ తర్వాత ఆ గూట్లో నేను అడుగు పెట్టను. ఇచ్చెయ్యాలనిపిస్తే క్లిఫర్డ్‌తో చెప్పు, పట్టుకుపోతాడు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి, వస్తాను. చెప్పకపోతే ఫోన్ చెయ్యకు.

ఎక్కడికి పోతావే అన్నాడు. చెప్పాను. నీకేమైనా పిచ్చా, పావురం లేకుండా బూర్జ్ ఎవరైనా వెళ్తారా అన్నాడు.

తలస్నానం చేయకుండా పడుకుంటున్నాను. ఇవాళ గూట్లోకి వెళ్లలేదు.

జూలై 1, శనివారం, ఉదయం 7 గంటలు, బూర్జ్

బార్డర్ దగ్గర ఇరవై ఒక్క రోజులుగా ఎక్కడున్నావని నన్నెవరూ అడగలేదు.

మైదానం ఎదురుగా కాఫీ కొట్టు బయట కూర్చున్నాను. ఆరున్నరకి లారీ తలుపులన్నీ ఒక్కసారే తెరిచారు. తొమ్మిది వందలూ పైకి లేచి, మైదానం మీద ఒక్క చుట్టు తిరిగి, ఉత్తరానికి వెళ్లిపోయాయి. ఒక్కటీ ఆగలేదు. అన్నీ ఇంటికే.

నేను ఇంకో కాఫీ చెప్పాను.