తెరపై మోగిన చావుపాట

కార్తీక బహుళ తదియ, రాత్రి

కొత్తగా పంతులమ్మ అయిన మనవరాలు శారద బడి నుండి పరుగున ఇంటికి వచ్చింది. ఇంట్లో పాడుకొనే పాట ఏదైనా పాడమనగానే రెండవ తరగతి కోయపిల్ల ముత్తి ఒకటి పాడిందట. అదేమి పాటో తెలియని శారద దానిని ఫోనులో పట్టి, తరగతిలోని పెద్ద తెరపై పదేపదే మోగించింది. అది చావింట మాత్రమే పాడే కోయపాట! పిల్లలు చెవులు మూసుకొని పారిపోయారు. ముత్తి తల్లి వచ్చి, "ఏంది మేడం, మా ఇంట్ల పీనుగ లేవాల్నా?" అన్నదట.

"ముత్తి నాయనమ్మ మంచం పట్టింది తాతా. ఆమెకేమన్న అయితే పిల్ల పాడబట్టే అంటరు. పాట తీసేసిన. ఇగ ఏం గాదు గదా?"

శ్రాద్ధమంత్రాన్ని ఇంట ఊరకే వల్లించనివ్వని నేను ఏమని చెప్పను? యంత్రంలో చెరిగినది చెవులలో చెరుగుతుందా? ఆ ముసలమ్మకై మృత్యుంజయ జపానికి కూర్చున్నాను. మనసు నిలువదు. అడవి వైపు నుండి చావు డోలు చప్పుడు వినవస్తుందేమోనని...