పథ్యం ముగిసేదాకా

వైద్యశాల, కర్కాటక మాసం 12

చిరంజీవి మేనల్లుడు ప్రభాకరన్‌కు మామయ్య ఆశీస్సులు.

పద్నాలుగు రోజులు నన్ను నూనెలో నానబెట్టి, కడుపు కడిగి, తోలు తప్ప ఏమీ మిగల్చలేదు. పడిపోయిన కాళ్లు మాత్రం కదులుతున్నాయి. ఇక పద్నాలుగు రోజులు పథ్యం. కోపం, దుఃఖం, పగటి నిద్ర కూడదు. తప్పితే వాతం మళ్లీ కాళ్లలోకి దిగి ఇక లేవనివ్వదట. మీ అత్తయ్య పారుక్కుట్టి ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఎందుకో కనుక్కో.

ఉణ్ణిరామన్

తా.క. కోపం లేకుండానే రాశాను. వైద్యులు పక్కనే నిలబడి చూస్తున్నారు.


ఇల్లు, కర్కాటకం 14

మామయ్యగారికి నమస్కారాలు.

అత్తయ్య వేలికి గోరుచుట్టు. కలం పట్టలేకపోతోంది. మీరు నిశ్చింతగా గంజి తాగండి.

మీ ప్రభాకరన్

తా.క. కుడిచేతికే.


వైద్యశాల, కర్కాటకం 17

ఒరే ప్రభాకరా,

గోరుచుట్టు వేలికైతే నోటికేమైంది? నీచేత రాయించొచ్చుగా. నాకు తెలుసులే. బయల్దేరేటప్పుడు "నీ పోరు పడలేకే పోతున్నా" అన్నాను, అది మనసులో పెట్టుకుంది. నాలుగు రోజుల్లో తన మాట రాకపోతే వేపుడు చేపలు తెప్పించుకు తింటాను. కాళ్లు పోతే పోనీ.

మామయ్య

తా.క. వంటవాణ్ణి అడిగాను కూడా. వాడు వెళ్లి వైద్యులకు చెప్పేశాడు.


ఇల్లు, కర్కాటకం 19

మామయ్యగారికి,

అత్తయ్య చెబుతుంటే రాస్తున్నాను: "తప్పంతా నాదే. క్షమించండి. పథ్యం చెడగొట్టుకోవద్దు."

మీ ప్రభాకరన్

తా.క. మిమ్మల్ని చూడ్డానికొస్తే పక్కింటి కేళన్, మన దక్షిణపు దొడ్లో మామిడిచెట్టు కొట్టేశామని చెబుతాడేమో. చెదలు పట్టింది, అంతే.


వైద్యశాల, కర్కాటకం 21

నాయనా ప్రభాకరా,

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి ఒక్కనాడూ తప్పు తనదని ఒప్పుకోలేదు. అక్కడే అనుమానమొచ్చింది. తర్వాత మామిడిచెట్టు సంగతి చదివాను. దక్షిణపు మామిడిని మనవాళ్లు చితికి తప్ప ఇంకెందుకు కొడతారు?

వైద్యులను అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. నాడి పట్టుకుని, "పథ్యం ఇంకా అయిదు రోజులుంది" అన్నారు.

నన్ను మోయించుకొచ్చి ఇక్కడ పడేసింది పారు. "ఈయన్ని నడిపించి పంపండి" అని ఆయన కాళ్లు పట్టుకుంది. అందుకని ఏడవడం లేదు. గంజి తాగుతున్నాను, గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. చాలా కష్టంగా ఉందిరా.

శనివారం తెల్లవారితే పథ్యం తీరుతుంది. బండి పంపొద్దు, నడిచే వస్తాను. ఆ రోజు నన్నెవరూ ఓదార్చకండి.

మామయ్య

తా.క. నవ్వొచ్చా అని వైద్యులను అడిగాను. కొంచెమైతే పర్వాలేదన్నారు. నీ ఉత్తరం మళ్లీ తీసి, "తప్పంతా నాదే" అన్న చోటు చదువుకున్నాను.