వెనక కుర్చీ ఒప్పుకుంటేనే

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను, తిండికి లోటు లేదు. మీరూ అక్కడ అలాగే ఉన్నారన్న నమ్మకంతో మొదలుపెడుతున్నాను. దగ్గు తగ్గిందా అని రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నా మీరు ఉలకరు, పలకరు. సరే, మీరడిగినవాటికి మాత్రం నేను వరసగా జవాబు చెబుతాను.

గది బాగానే ఉంది. కుళాయి బాగుచేయించాను. పక్కింటావిడ ఇప్పటికీ తన తడిగొడుగు తెచ్చి నా చెప్పుల మీదే ఆరబెడుతోంది. నేను ఇప్పటికీ ఏమీ అనలేదు, ఒక రోజు అంటాను. కొత్త బళ్లో పిల్లలు ఏడిపిస్తున్నారా అని అడిగారు. అక్కడే వచ్చింది చిక్కు. ఏడిపించడం లేదు.

నా ఉద్యోగం సంగతి మీకు తెలియనిదా? ఎవరో సెలవు పెడితే వాళ్ల బదులు వెళ్లడం, వాళ్లు రాగానే కూరలో కరివేపాకులా పక్కకి తప్పుకోవడం. బదులు టీచరు వచ్చిందంటే పిల్లలకు పండగే. ఒకడి పేరు ఇంకొకడు చెబుతాడు, సుద్దముక్కలు మాయమవుతాయి, "మా టీచర్ ఇలా చెప్పరు" అని లెక్కలెక్కకీ పేచీ. వెనకటి బళ్లో నా కుర్చీకి జిగురు పూశారని రాస్తే మీరు నవ్వలేక చచ్చానన్నారు. అవన్నీ తాటాకు చప్పుళ్లు, నేను బెదరను. ఈ అయిదో తరగతిని చూసి మాత్రం మొదటి రోజే బెదిరాను.

గోల లేదు, పేచీ లేదు. నేను ఒక వాక్యం చదివి రాసుకోమన్నాను. క్లాసంతా ఒక్కసారిగా మెడలు తిప్పి గది వెనక్కి చూసింది. అక్కడ గోడవారగా ఒక చేతుల కుర్చీ ఉంది, ఖాళీగా. కాసేపు దాన్ని చూసి, ఇటు తిరిగి రాసుకున్నారు. ఇంకో వాక్యం చదివాను. మళ్లీ అదే వరస.

"ఎందుకలా వెనక్కి చూస్తారు?" అని ముందు బెంచీ పిల్లని అడిగాను.

"రాసుకోవచ్చో లేదో చూడాలి కదా టీచర్," అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

మధ్యాహ్నం ఆయాని అడిగితే చెప్పింది.

"పాత టీచరమ్మకి గొంతు పూర్తిగా పోయిందమ్మా. అయినా సెలవు పెట్టలేదు మహాతల్లి. వెనకాల కుర్చీలో కూచునేది. పిల్లల్లో ఒకరు లేచి పాఠం చెప్పేవాళ్లు. ఒప్పయితే ఆవిడ తలాడించేది, వీళ్లు రాసుకునేవాళ్లు. తప్పయితే అడ్డంగా ఊపేది, అందరూ పెన్నులు కింద పెట్టేసేవాళ్లు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. వీళ్లకింకా ఆ అలవాటు పోలేదు."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఇంకొకరి బదులు వచ్చినప్పుడు ఆ క్లాసు పద్ధతులు మార్చకూడదన్నది నా నియమం. కాబట్టి మాన్పించలేదు. మర్నాడు కావాలనే బోర్డు మీద ఒక కూడిక తప్పు వేశాను. వెనక్కి చూశారు, పెన్నులు కింద పెట్టారు. తెలివైన పిల్లలే, తప్పు పట్టుకున్నారని ముచ్చటపడ్డాను.

ఆ తర్వాత డిక్టేషన్‌కి మన గురించే చెప్పాను. "మాది చిన్న ఇల్లు" అన్నాను, రాశారు. "మా ఆయన వంతెనలు కట్టే పనిలో ఉన్నారు" అన్నాను, రాశారు. "రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి నడకకి వెళతాం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అనాలనిపించింది. మెడలు వెనక్కి తిరిగాయి. పెన్నులన్నీ ఒక్కసారిగా బల్లల మీద పడ్డాయి. మీరు నా దగ్గర లేరని బళ్లో ఒక్కరికి కూడా చెప్పలేదండీ నేను.

పోయిన ఉత్తరంలో మీరు ఇంకో మాట అడిగారు, దానికి జవాబు ఇంతవరకూ దాటేశాను. ఆ పోస్టు నీకే ఉండిపోతుందా, అలాగైతే ఈ పని వదిలేసి నీ దగ్గరికి వచ్చేస్తాను అన్నారు. అది ఖాళీ కావాలంటే ఏం జరగాలో మీరు ఆలోచించి ఉండరు. నేను ఆలోచించాను. రోజూ అదే ఆలోచించాను.

పోయిన వారం హెడ్మాస్టరు గారు పిల్లల చేత ఆవిడకు ఉత్తరం రాయించమన్నారు. "మీరు త్వరగా కోలుకోవాలి" అని చెప్పాను. వెనక్కి చూశారు, రాశారు. "మేమంతా మీకోసం ఎదురుచూస్తున్నాం." రాశారు. "మా కొత్త టీచరు కూడా మీరు తిరిగి రావాలని కోరుకుంటున్నారు" అన్నాను. ఈసారి చాలాసేపు వెనక్కే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఒక్కొక్కరే పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. కోపంగా కాదు, పాపం అన్నట్టు చూశారు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజమే, ఆవిడ రాకూడదనే నేను కోరుకున్నాను. ఆవిడ ముఖమైనా ఎరగను. మనిద్దరం ఒక కప్పు కింద ఉంటే చాలు, ఆవిడ ఏమైపోయినా పరవాలేదు అనుకున్నాను. మీ భార్య ఇలాంటిదని మీకు చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఇవాళ పొద్దున హెడ్మాస్టరు గారు తన గదికి పిలిచి ఆవిడ పోయారని చెప్పారు. కళ్లు తుడుచుకుని, "పోస్టు మీకే ఇప్పిస్తానమ్మా. రేపటికల్లా ఏదో ఒక మాట చెప్పండి. పిల్లలకి కూడా మీరే మెల్లగా చెప్పండి," అన్నారు.

నేను వెళ్లేసరికి పిల్లలు తేదీ రాసుకుంటున్నారు. బల్ల పట్టుకుని నిలబడి, "మీ టీచర్ గారు ఇక లేరు" అన్నాను. క్లాసంతా వెనక్కి తిరిగింది. ఎవరూ ఏడవలేదు. పెన్నులు ఒకదాని తర్వాత ఒకటి కింద పెట్టారు.

"కాదంట టీచర్," అంది ముందు బెంచీ పిల్ల నెమ్మదిగా.

బడి వదిలేశారు. వరండాలో ఆయా ఊడుస్తోంది, ఆ చీపురు చప్పుడే నాకిప్పుడు ధైర్యం. క్లాసులోనే, నా బల్ల దగ్గరే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. గదికి వెళ్లి రాస్తే మీకు అబద్ధాలు రాసేస్తానని నా భయం. ఆ కుర్చీ సరిగ్గా నాకెదురుగా ఉంది.

పోస్టు ఒప్పుకుంటాను. మీరు వచ్చేయండి. అన్నీ మరిచిపోయి మనం హాయిగా ఉంటాం.

ఈ మాటలు రాసి తలెత్తి చూశాను. పెన్ను కింద పెట్టేశాను. మళ్లీ దాన్ని ముట్టుకోవడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.

నాకు ఇక్కడ ఒంటరిగా చాలా భయంగా ఉందండీ. పోస్టు ఉన్నా, లేకపోయినా మీరు రండి.

తలెత్తి చూశాను. పెన్ను చేతిలోనే ఉంది.

ఇట్లు,
మీ దారి చూస్తున్న
మీ ఇల్లాలు