పావు కిలో పొడితో ఆనంద చక్రం

హైదరాబాద్,
ఆగస్టు 5

మొయినాబాద్‌లోని ఎజ్రా ప్లాస్టిక్స్ యజమాని శ్రీ ఎజ్రా గారికి,

మందారమాల టీ కంపెనీ, ఉచిత వస్తువుల విభాగం నుంచి నమస్కారాలు.

మా పావు కిలో టీ పొడి ప్యాకెట్‌తో పాటు ఉచితంగా ఇవ్వడానికి అరవై వేల ప్లాస్టిక్ వస్తువులు మీ దగ్గర చేయించాలని నిర్ణయించాం. వస్తువు పేరు ఆనంద చక్రం. అరచేతి వెడల్పున గుండ్రటి పలక. దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పితే ఆనందం కలుగుతుందని మా సలహాదారులు మూడు నెలలు శ్రమించి తేల్చారు. డ్రాయింగు జతచేశాను.

మీ అభిప్రాయాలు ఫోన్లో కాక ఉత్తరంలోనే తెలపాలి. కంపెనీ తొమ్మిదో నిబంధన ప్రకారం, తయారీదారు రాసి పంపిన ప్రతి మాటనూ క్షేత్ర సూచనగా స్వీకరించి, మా డైరెక్టర్ రంజిత్ గారు వెంటనే అమలు చేయాలి.

భవదీయురాలు,
కె. ఝాన్సీ

తా.క. ఇది దేనికి పనికొస్తుందనే ప్రశ్నకు మా ఫారంలో గడి లేదు.


మొయినాబాద్,
ఆగస్టు 9

ఝాన్సీ మేడం గారికి ఎజ్రా నమస్కారాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నా భార్య ఎస్తేరూ కుశలం. మిషను కూడా కుశలమే. ఆర్నెల్లుగా పని లేదు కాబట్టి దానికి అరుగుదల లేదు.

ఉత్తరంలో రాయమన్నారు, సంతోషం. ఫోన్లో మాట నేనూ నమ్మను. పోయినేడు ఒక సబ్బు కంపెనీ ఆయన ఫోన్లో నీలం రంగు చెప్పి, సరుకు చూశాక ఎరుపు అన్నానని సాధించాడు. మా బడి పంతులు ప్రేమదాసు గారు నేర్పిన పుస్తకాల తెలుగులో రాస్తున్నాను. మా మాటలో రాస్తే తిడుతున్నాననుకుంటారు. పుస్తకాల తెలుగులో తిడితే సలహా అనుకుంటారు.

నా కష్టం ముందే చెబుతాను. షెడ్డు బాల్‌రాజ్ పటేలుది. చుట్టూ అందరూ ఫాంహౌసులూ ఫంక్షన్ హాళ్లూ కడుతుంటే ఆయనకు నిద్ర పట్టడం లేదు. "ఎజ్రా, క్రిస్మస్ లోపల మిషన్ నడ్వాలె. నడిచినన్ని దినాలు షెడ్డు నీది, ఆగిననాడు నాది" అన్నాడు. కాబట్టి మీ పని నాకు కావాలి.

అయినా ఏది పడితే అది చేయను. మూడేళ్ల కింద ఒక పళ్లపొడి కంపెనీకి నలభై వేల 'నవ్వే పన్ను' బొమ్మలు చేసిచ్చాను. ప్యాకెట్టు విప్పిన జనం విప్పిన చోటే పారేశారు. వానలకు చేవెళ్ల బస్టాండు మురుగు మోరీ పొంగితే అవన్నీ పైకి తేలాయి, నా వైపే చూసి నవ్వుతూ. ఆ ఆదివారం చర్చిలో నన్ను చూసి పక్కవాడు దగ్గు నటించాడు. మోరీలోకి పోయే వస్తువు మళ్లీ చేయనని ఆ రోజే దేవుడికి మాటిచ్చాను.

మీ చక్రాన్ని కర్రతో చెక్కి, నా దగ్గర పనిచేసే బీరమ్మకు ఇచ్చాను. తిప్పింది. ఆనందం రాలేదు. చెంబు మీద మూత పెట్టి చూసింది. "జారిపోతున్నది సారూ. అంచు పెట్టాల్నని గూడ తెల్వదా గీళ్లకు?" అంది. మూడు నెలలు శ్రమించిన మీ సలహాదారులకు బీరమ్మ దండాలు చెప్పమంది.

ఇట్లు,
ఎజ్రా

తా.క. తిప్పితే ఆనందం వచ్చేటట్టయితే కుమ్మరివాళ్లకంటే సుఖంగా ఎవరుంటారు?


హైదరాబాద్,
ఆగస్టు 16

ఎజ్రా గారికి కంపెనీ తరఫున అభివందనాలు.

అంచు మంజూరైంది. "అంచు లేనిదే ఆనందం నిలవదు" అంటూ డైరెక్టర్ గారు మాకు నలభై పేజీల ప్రదర్శన చూపించారు. ఎంత ఎత్తుంటే అంత నిలుస్తుందని అంచును రెండు వేళ్ల ఎత్తు పెంచారు. కొత్త డ్రాయింగు జతచేశాను. ఇలాంటి సూచనలు మరిన్ని కోరుతున్నాం.

భవదీయురాలు,
కె. ఝాన్సీ

తా.క. బీరమ్మ గారు ఏ డిజైన్ కాలేజీలో చదివారో సలహాదారులు తెలుసుకోగోరుతున్నారు.


మొయినాబాద్,
ఆగస్టు 21

ఝాన్సీ మేడం గారికి సగం నమస్కారాలు. మిగతా సగం మీ డైరెక్టర్ గారికి బుద్ధి వచ్చాక పంపుతాను.

మూతను ఎగతాళి చేస్తే మీరు దాన్ని గిన్నె చేశారు. పప్పుకు చిన్నది, పచ్చడికి పెద్దది. టీ కంపెనీకి గిన్నెతో ఏం పని?

నిన్న బాల్‌రాజ్ పటేలు టేపు పట్టుకుని వచ్చాడు. నా మిషను చుట్టూ కొలిచి, దాని మీద చెయ్యి వేసి, "పెండ్లిపిల్ల కుర్చి గీన్నే వడ్తది" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నేను నూనె పోసి తుడుచుకునే మిషను. కడుపు మండింది. ఆ మంట ఆయన మీద చూపలేను, ఆయన పటేలు. మీరు దూరంగా ఉన్నారు కాబట్టి మీ మీద చూపుతున్నాను.

ఒక పని చేయండి. ఈ గిన్నెకు అడుగున చిల్లులు పొడిపించండి. అప్పుడు అది మూతా కాదు, గిన్నే కాదు. ఎవరూ దేనికీ వాడలేరు. మీ సలహాదారులు కోరుకున్నది అదే కదా.

ఇట్లు,
ఎజ్రా

తా.క. బీరమ్మ మూడో తరగతి చదివింది. అది కూడా వానొచ్చిన రోజుల్లో పోలేదు.


హైదరాబాద్,
ఆగస్టు 28

ఎజ్రా గారికి ధన్యవాదపూర్వక నమస్కారాలు.

చిల్లులు మంజూరయ్యాయి. చిల్లు అనే మాట వ్యాపారానికి మంచిది కాదని వాటికి శ్వాస ద్వారాలు అని పేరు పెట్టారు. కంపెనీ పెట్టి ఇరవై ఏడేళ్లయింది కాబట్టి ఇరవై ఏడు ద్వారాలు.

భవదీయురాలు,
కె. ఝాన్సీ

తా.క. వచ్చే ఏడు ఇరవై ఎనిమిదోది పొడవాలా వద్దా అన్నది కమిటీ పరిశీలనలో ఉంది.


మొయినాబాద్,
సెప్టెంబర్ 4

ఝాన్సీ మేడం గారికి,

నమస్కారాలు అయిపోయాయి.

నమూనాకు ఇరవై ఏడు చిల్లులు పొడిచాను. బీరమ్మ దాన్ని కంటికి ఆనించుకుని నన్ను చూసింది. "ఇరవై ఏడుమంది సార్లు కనవడుతున్నరు. ఒక్కరికన్న పనున్నదా?" అంది.

ఇప్పుడు నా చివరి సూచన. ఆ చిల్లులు తీసేసి దోమతెర ముక్క బిగించండి. అసలే డెంగీ కాలం, మీ ఆనందంలోకి దోమలు పోకుండా ఉంటాయి. జానెడు పిడి కూడా పెట్టించండి. జనం మోరీలోకి విసిరేటప్పుడు చేతికి పట్టుంటుంది, జర దూరం పోతుంది.

ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు. పటేలుకు తాళంచెవి ఇచ్చేసి, ఆ పెళ్లిపిల్ల కుర్చీ పక్కన నిలబడి పన్నీరు చల్లుకుంటే నయం. అందులో కనీసం సువాసన ఉంటుంది.

ఎజ్రా

తా.క. దోమతెర సన్నటిది పెట్టండి. దొడ్డుదైతే మీ డైరెక్టర్ గారి తెలివి కారిపోతుంది.


హైదరాబాద్,
సెప్టెంబర్ 15

గౌరవనీయులైన ఎజ్రా గారికి,

తెర, పిడి, రెండూ మంజూరు. తెర సన్నటి నైలానుతో, మీరు చెప్పినట్లే. వస్తువు పేరు ఆనంద వల అని మారింది. ఇదే తుది డ్రాయింగు. దయచేసి అచ్చు (డై) చెక్కడం మొదలుపెట్టండి. డిసెంబర్ పది నాటికి సరుకు అందాలి.

భవదీయురాలు,
కె. ఝాన్సీ

తా.క. ఎజ్రా గారూ, తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి.


మొయినాబాద్,
నవంబర్ 25

ఝాన్సీ మేడం గారికి పాత బాకీలతో సహా నిండు నమస్కారాలు.

రెండు నెలలు డై చెక్కాను. చెక్కినన్నాళ్లూ మిమ్మల్నందరినీ వరసగా తిట్టుకున్నాను, కాబట్టి పని శ్రద్ధగా సాగింది. నిన్న మొదటి వస్తువు మిషనులోంచి తీసి బల్ల మీద పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాను. ఎస్తేర్ వచ్చింది. నన్ను చూసింది, దాన్ని చూసింది. పిడి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి ఒక కప్పు తెచ్చి నా ముందు పెట్టింది.

"చాయ్ తాగు" అంది. "ఇంట్ల జాలి చినిగి పది దినాలాయె. కొత్తది చేస్తున్నవని చెప్పొద్దా?"

మేడం గారూ, అది చాయ్ జాలి.

మీది టీ కంపెనీ. నేను ముప్పై ఏళ్ల పనివాణ్ని. మధ్యలో సలహాదారులు. మనమంతా కలిసి నాలుగు నెలలు కష్టపడి, ప్రతి వంటింట్లో మేకుకు వేలాడే, చాయ్ వడగట్టే జాలిని కొత్తగా కనిపెట్టాం. మీ సంగతి తర్వాత, ముందు నన్ను చూసి నాకే సిగ్గేసింది.

అయితే జాలి బాగా వచ్చింది. అది ఒప్పుకోవాలి. మిషను నడుస్తోంది. బాల్‌రాజ్ పటేలు టేపుతో వచ్చి, చాయ్ తాగి, టేపు జేబులో పెట్టుకుని, రెండు జాలీలు అడిగి తీసుకుపోయాడు.

ఇట్లు,
ఎజ్రా

తా.క. నా వస్తువుల అడుగున చిన్న 'ఎ' చెక్కడం అలవాటు. నవ్వే పన్ను మీద చెక్కలేదు. దీని మీద చెక్కాను.


హైదరాబాద్,
జనవరి 20

శ్రీ ఎజ్రా గారికి,

విషయం: వివరణ కోరుట.

చేవెళ్లలో సందీప్ కిరాణా దుకాణం ముందు ఒక బోర్డు పెట్టినట్లు మా దృష్టికి వచ్చింది. 'చాయ్ జాలి కొన్నవారికి పావు కిలో టీ పొడి ఉచితం' అని దాని మీద రాసి ఉంది. శకుంతలమ్మ అనే వినియోగదారు ఆరు జాలీలు తీసుకుని, ఆరు ప్యాకెట్ల పొడి గల్లా మీదే వదిలి వెళ్లారట. పిలిచి ఇవ్వబోతే, "గది నీకే ఉండనియ్యి బిడ్డా" అన్నారట.

ఉచిత వస్తువు అసలు సరుకు కంటే మెరుగ్గా ఉండరాదన్నది కంపెనీ పద్నాలుగో నిబంధన. దాన్ని మీరు ఉల్లంఘించారు. మరో అరవై వేలు మీకే ఇవ్వదలిచాం. కానీ నెల రోజుల్లో విరిగేలా పిడిని పలచన చేయాలని డైరెక్టర్ గారి ఆదేశం. కాదంటే పని ఇంకొకరికి పోతుంది. వారంలోగా జవాబు రాయగలరు.

భవదీయురాలు,
కె. ఝాన్సీ

తా.క. డైరెక్టర్ గారింట్లో కూడా మీ జాలే వాడుతున్నారు. పొడి మాత్రం వేరే కంపెనీది.


మొయినాబాద్,
జనవరి 24

ఝాన్సీ మేడం గారికి,

వివరణ అడిగారు. ఇదిగో.

పిడి పలచన చేయను. నెలకు విరిగేది చేస్తే ముప్పై ఒకటో రోజున మోరీలో ఉంటుంది, అదీ నా 'ఎ' తోటి. పన్ను నవ్వితే సహించాను. నా అక్షరం నన్ను చూసి నవ్వితే సహించలేను.

చేతిలో ఉన్న చిన్నాచితకా పనులు కూడా అయిపోయి మిషను నిన్న ఆగింది. పటేలు టేపు మళ్లీ బయటికొచ్చింది. ఎస్తేర్‌ను అడిగాను, ఏం చేద్దామని. "విరిగేది చెయ్యకు. గంతే" అని బియ్యం ఏరుకోవడానికి పోయింది.

మీ డైరెక్టర్ గారికి నా మాటగా చెప్పండి. జాలి పొడి కంటే బాగుందని సిగ్గుగా ఉంటే, జాలిని చెడగొట్టడం దేనికి? పొడిని బాగుచేయండి. నాలుగు మంచి ఆకులు వేస్తే మీ పద్నాలుగో నిబంధన దానంతటదే నిలబడుతుంది. ఈ మాట చెప్పడానికి ఏ కాలేజీ అక్కర్లేదు, నాలుక ఉంటే చాలు.

ఇక సెలవు.
ఎజ్రా

తా.క. ఎగతాళికి కాదు, ఈసారి నిజంగానే చెబుతున్నాను.


సురంగల్,
ఫిబ్రవరి 2

ఎజ్రా బాపుకు, సురంగల్ గోపమ్మ మనుమరాలు ఝాన్సీ దండాలు.

ఇది కంపెనీ కాగితం కాదు, చూశారు కదా. ఆదివారం అవ్వ దగ్గరికి వచ్చి, గడప మీద కూర్చుని రాస్తున్నాను.

అవ్వ ఇంట్లో నీళ్ల తొట్టి దగ్గర ఒక ఎర్ర మగ్గు ఉంది. నేను పుట్టక ముందు చేవెళ్ల అంగట్లో కొన్నది. దాని అడుగున 'ఎ' అని ఉంటుంది. నేను చదివిన మొదటి అక్షరం అదే. ఎవరినైనా తిట్టాలంటే అవ్వ, "గా మగ్గును చూసి నేర్చుకో, ఇన్నేండ్లల్ల పలగలే" అంటుంది. ఉద్యోగంలో చేరాక ఆ 'ఎ' ఎవరిదో వెతికి, మీ చిరునామా పట్టుకుని ఉత్తరం రాశాను.

ఆఫీసులో మొదటి వారమే, టీ పొడితో చాయ్ జాలి ఇద్దామని చెప్పాను. "మరీ పల్లెటూరి ఆలోచన" అని రంజిత్ గారు నవ్వారు. సలహాదారులు ఆయన కంటే గట్టిగా నవ్వారు, ఎందుకంటే అది వాళ్ల ఉద్యోగం. అదే మాట క్షేత్ర సూచన అని పేరు పెట్టి ముక్కలు ముక్కలుగా పెడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తొమ్మిదో నిబంధన అనేది కంపెనీలో లేదు బాపు. నేనే టైపు చేసి ఫైల్లో పెట్టాను. ఆయన చదవకుండా సంతకం చేస్తారు.

మీ తిట్లన్నీ జాలి వైపే నడుస్తుంటే నాకే ఆశ్చర్యం. చిల్లుల తర్వాత దారి తప్పుతారేమో అని భయపడ్డాను. దోమతెర మాట చదివిన రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

పద్నాలుగో నిబంధన మాత్రం నిజం. అందుకే మీకు అలాంటి ఉత్తరం రాయాల్సి వచ్చింది, క్షమించండి. మీ జవాబును మాత్రం తొమ్మిదో నిబంధన కింద పెట్టాను. నిన్న సంతకమైంది. పొడిలో మంచి ఆకు వేస్తారట. జాలి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, అరవై వేలు, అడుగున 'ఎ' తో సహా. బాల్‌రాజ్ పటేలును టేపు చుట్టుకోమనండి.

మీ
ఝాన్సీ

తా.క. పొడి మంచిగైతున్నదని, దానికి తగ్గ కొత్త వస్తువు కావాల్నట రంజిత్ సారుకు. పేరు ఆనంద చతురస్రం. డ్రాయింగు ఇందుల్నే పెట్టిన. అంచు లేదు, పిడి లేదు, దేనికీ పనికిరాదు. జర కడుపునిండ తిట్టుండ్రి బాపు.