వాన పడ్డ మూడు దినాల కొలతలు

లింగాల, 1946

నిన్న ఈ జాబు సగంల ఆపిన అన్నా, రాయనీకె భయమైంది. నీ సివిల్ ఇంజనీరింగు చదువు కోసం మన వాగు నీళ్లు రోజు కొలిచి పంపమన్నవు గద. ఆ పెద్ద వాన పడ్డ మూడు దినాలు నేను కొలవలేదు. అమ్మ నన్ను మూల కూసోబెట్టింది, గడప దాటనియ్యలేదు. ఎందుకని నన్నడగకు, వదినకు తెలుస్తది. మా ఇంగ్లీషు స్కూల్ల హాజరు పట్టీల రాసినట్టు ఆ దినాలకు 'ఆబ్సెంట్' అని రాసేదుండె. నువ్వు తిడ్తవని చిన్న చిన్న అంకెలు కల్పించి రాసిన.

ఇప్పుడేమో, "నీ కొలతలతోనే వాగుకు కట్టే కొత్త కట్ట ఎత్తు తేలింది చెల్లె, మా ప్రొఫెసరు సర్కారుకు పంపుతుండు" అని రాసినవు. ఆ దినాలల్ల నీళ్లు పెంటమ్మత్త గడప దాంక వచ్చినయంట. నా అంకెలతోని కడితే కట్ట పొట్టిగైతది, ఆమె ఇల్లు మునుగుతది. ఆ మూడు అంకెలు కొట్టెయ్యి అన్నా, నీ చదువు ఒక ఏడు ఆగినా సరే.

అమ్మ తలుపు కొడ్తుంది. మూల కూసున్న సంగతి నీకు రాసిన్నని తెలిస్తే సంపుతది. ఈ జాబు కాయితాలు చాప కింద పెడ్తున్న.